బెంగళూరులో సొంతిల్లు కడుతున్నాం, హాల్లో కట్టెల స్టవ్ పెట్టుకోవచ్చా? వాడినవాళ్ళు ఏది బాగుందో చెప్పండి

పెట్టుకోవచ్చు, మీ ఇల్లు మీ ఇష్టం. కానీ మీరు ఫోటో పెట్టి అడిగిన ఆ గాజు తలుపు పోత ఇనుము స్టవ్ బెంగళూరుకి శుద్ధ దండగ. ఈ ఊరి చలికి గది వెచ్చబెట్టాల్సిన పనే లేదు, పొద్దున్నే ఒంటిమీద నాలుగు చెంబులు వేణ్ణీళ్ళు పడితే చాలు. కట్టెల మీద అంత మోజుంటే కట్టెలతో నీళ్ళు కాచుకునే రాగి బాయిలర్ కొనుక్కోండి. మా ఇంట్లో ఉన్నది అదే, రామమూర్తినగర్‌లో ఇల్లు కట్టుకున్నప్పటి నుంచీ ఉంది, ఇంట్లో ఉన్న ఇంకే వస్తువు మీదా నాకు ఇంత ప్రేమ లేదు, మా ఆవిడ దీని మీద కూడా ఏదో ఒకటి అంటుంది, అది వేరే సంగతి.

ఆ గాజు తలుపు స్టవ్ గురించి తెలీక మాట్లాడుతున్నాననుకోకండి. మా బావమరిది అమెరికాలో వెర్మాంట్‌లో ఉంటాడు, వాళ్ళింట్లో నార్వే వాళ్ళ యోతుల్ స్టవ్ ఉంది, 1853లో మొదలైన కంపెనీ అది. అక్కడ జనవరిలో రాత్రి మైనస్ 20 అంటే మామూలు విషయం, మంచు బరువుకి కొమ్మలు విరిగి కరెంటు పోతే ఇల్లంతా ఆ స్టవ్ మీదే బతుకుతుంది, దాని మీదే కెటిల్ పెట్టి టీ కాస్తారు. వాడు ఫోన్ చేసినప్పుడల్లా దాని గురించే చెప్తాడు, కట్టెలు చీల్చి ఏడాది ముందే షెడ్‌లో పేర్చుకోవాలంట, రెండు మేకులున్న ఒక మీటరు కట్టెకి గుచ్చి తేమ 20 శాతం లోపుంటేనే లోపల పెడతాడంట, ఏడాదికోసారి చిమ్నీ గీకించకపోతే లోపల పట్టిన తారు అంటుకుని కొంపకే నిప్పంటుకుంటుందంట. అక్కడి ప్రభుత్వం రూలు కూడా మామూలుగా లేదు, 2020 నుంచి కొత్తగా అమ్మే స్టవ్ ఏదైనా గంటకి 2 గ్రాములు, మామూలు చీల్చిన కట్టెలతో టెస్ట్ చేస్తే 2.5 గ్రాములు, అంతకి మించి పొగ నుసి వదలకూడదు. వాళ్ళకి అది అవసరం, అందుకని అంత శ్రద్ధ.

మనకేముంది? ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది కాబట్టి డిసెంబరు జనవరిల్లో తెల్లవారుజామున 15 డిగ్రీలు, మహా అయితే ఇంకో రెండు తగ్గుతుంది, పదకొండు కొట్టేసరికి స్వెట్టర్ విప్పేస్తాం. ఆ స్టవ్‌లలో చిన్న సైజుది కూడా సుమారు 5 కిలోవాట్ల వేడి ఇస్తుంది, అంటే మన బాత్రూం గీజర్లు రెండున్నర ఒకేసారి హాల్లో వేసినట్టు, అరగంటలో కిటికీలు తెరిచి ఫ్యాన్ వేసుకోవాల్సిందే. మీ ఇంటీరియర్ డిజైనర్ చెప్పుంటాడు లెండి. వీళ్ళ సంగతి నాకు బాగా తెలుసు, మా తమ్ముడి ఫ్లాట్‌లో గోడకి తొలిచి లోపల ఎర్ర ఎల్ఈడీ బల్బులు పెట్టి కింద చిన్న ఫ్యాన్‌తో సిల్కు గుడ్డ ఆడించి మంట అని చెప్పి లక్షలు గుంజారు. అదే డిజైనర్ల షాపుల్లో మంచి మంచి పాత రాగి బాయిలర్లని కోసి, వార్నిష్ కొట్టి, మనీప్లాంట్ కుండీలుగా అమ్ముతున్నారు, చూస్తే కడుపు రగిలిపోతుంది.

సరే బాయిలర్ ఎలా పనిచేస్తుందో చెప్తాను, ఎందుకంటే ఇప్పటి పిల్లలకి ఇది చూపిస్తే కొళాయి ఎక్కడ అని వెతుకుతారు. పొడుగ్గా పీపాలా ఉంటుంది, దాని నడిమధ్యలో నిలువునా ఒక గొట్టం, కింద చిన్న జల్లెడ లాంటి చట్రం మీద నిప్పు, మంటా పొగా ఆ గొట్టంలోంచి పైకి పోతాయి, చుట్టూ నీళ్ళు. అంటే మంట బయటికి వృథాగా పోకుండా నీళ్ళ నడుమలోంచే నడిచిపోతుంది, అసలు కిటుకంతా అక్కడే. పైన ఒక గరాటు, పక్కన ఒక ముక్కు. గరాటులో చన్నీళ్ళు పోస్తే అవి లోపల ఉన్న సన్న గొట్టంలోంచి అడుగుకి పోతాయి, పైన తేలుతున్న వేణ్ణీళ్ళు ముక్కులోంచి బయటికి పొర్లుతాయి. బకెట్ పోస్తే బకెట్ వస్తుంది. కొళాయిలు పెట్టినవి కూడా ఉంటాయి కానీ నా ఓటు దీనికే, వాషర్ లేదు, వాల్వ్ లేదు, లోపల నీళ్ళు అయిపోవడమనేదే ఉండదు. నలభై లీటర్లు బాగా కాగడానికి ఎండు కట్టె కిలోన్నర, రెండు కిలోలకి మించి పట్టదు.

ఇది ఎంత పనికొస్తుందో తెలిసింది 2022 డిసెంబరులో. మా అమ్మాయి సీమంతం, ధనుర్మాసం రాకముందే అయిపోవాలని 11వ తేదీ ఆదివారం పెట్టుకున్నాం. సరిగ్గా అప్పుడే మాండౌస్ తుఫాను మహాబలిపురం దగ్గర తీరం దాటింది, మద్రాసుకి గాలీ వానా, మనకి మాత్రం రోజంతా సన్న తుంపర, సూర్యుడు కనబడడు, చలి ఎముకల్లోకి దిగేది. ఇంటి మీద సోలార్ వాటర్ హీటర్ ఉంది, కరెంటు కనెక్షన్ కావాలంటే అది పెట్టాల్సిందే అన్నారు కాబట్టి పెట్టాం, అప్పటికి రెండు రోజులుగా ఎండ లేక దాంట్లో నీళ్ళు ఫ్రిజ్‌లో పెట్టినట్టున్నాయి. శనివారం రాత్రికే మదనపల్లి నుంచి, పుంగనూరు నుంచి చుట్టాలు దిగారు, ఇల్లంతా పరుపులు. తెల్లవారుజామున నాలుక్కి లేచి చూస్తే కరెంటు లేదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఏదో పోయిందన్నారు, ఎప్పుడొస్తుందో ఎవడూ చెప్పడు, ఫోన్ చేస్తే పాట వినిపిస్తుంది. ఇంతమంది తలంట్లు పోసుకోవాలి, వియ్యపురాలి గారు కూడా వచ్చున్నారు, ఆవిడకి చన్నీళ్ళు పడవు.

నేను వెనక్కి పోయి బాయిలర్ అంటించే పనిలో పడ్డాను, కంగారులో గొట్టం నిండా కట్టెలు దూర్చేశాను, పొగ తప్ప మంట లేదు. అంతలో మా పెద్దత్త శాలువా కప్పుకుని వచ్చింది, డెబ్భై దాటిన మనిషి. "ఒరే అబ్బోడా, అట్లా కుక్కితే మండుతుందా, దానికి ఊపిరాడొద్దా" అని నన్ను పక్కకి లాగేసి సగం కట్టెలు బయటికి పీకేసింది, కింద బూడిద గీకి, కొబ్బరి చిప్పలు రెండు బోర్లా పెట్టి, చిదుగులు వేసి అంటించింది, భగ్గుమంది. ఆ తర్వాత పీట వేసుకుని అక్కడే కూర్చుంది, లేవలేదు. ఎవరొచ్చినా ముందు బకెట్ చన్నీళ్ళు పొయ్యాలి, అది కూడా సన్నగా, ధారలాగ, గబగబా గుమ్మరిస్తే పైన వేణ్ణీళ్ళతో కలిసిపోయి గోరువెచ్చగా వస్తాయని ఆవిడ రూలు. వరస కూడా ఆవిడే చెప్పింది, ముందు వియ్యపురాలు గారు, తర్వాత ముసలోళ్ళు, తర్వాత పసిబిడ్డల తల్లులు, మగాళ్ళందరూ ఆఖర్న.

మా అల్లుడు హైదరాబాద్‌లో గేటెడ్ కమ్యూనిటీలో పుట్టి పెరిగినోడు, పాపం ముక్కు కింద బకెట్ పెట్టి నిలబడ్డాడు, నీళ్ళు రావట్లేదు, చుట్టూ తిరిగి చూస్తున్నాడు, కొళాయి కనబడదు, అడగడానికి మొహమాటం. ఫోన్ టార్చి వేసి కూడా వెతికాడు. పెద్దత్త చాలాసేపు చూసి "ఏం అల్లుడూ, అట్లే నిలబడుకోనుండావు, చన్నీళ్ళు పోస్తే గదా వేణ్ణీళ్ళొచ్చేది" అంది. పోశాడు, ముక్కులోంచి పొగలు కక్కుతూ నీళ్ళొచ్చాయి, "ఇది అదిరింది మామయ్యా, పేటెంట్ ఎవరిది" అన్నాడు, అందరూ ఒకటే నవ్వు. ఎనిమిదిన్నరకి పురోహితుడు వచ్చేసరికి ఇంట్లో స్నానం కాని మనిషి లేడు. కరెంటు పదకొండు దాటాక వచ్చింది. మీరు ఏ బ్రాండు స్టవ్ అని అడిగారు కదా, ఇంతకన్నా నేను చెప్పేది లేదు.

ఇప్పుడు కట్టెల సంగతి. స్టవ్ బాగా పొగ పెడుతోంది అని ఏడ్చేవాళ్ళలో నూటికి తొంభైమంది పచ్చి కట్టె పెడుతున్నవాళ్ళే, ఇది నా సొంత లెక్క, ఎవరైనా కాదంటే రండి. అప్పుడే కొట్టిన కట్టె బరువులో దాదాపు సగం నీళ్ళే ఉంటాయి, ముందు ఆ నీళ్ళని ఆవిరి చేయడానికే మంటంతా ఖర్చైపోతుంది, మీ నీళ్ళు కాగేదెప్పుడు. సరుగుడు బాగా మండుతుంది, తుమ్మ ఇంకా బాగా, నిప్పు చాలాసేపు నిలుస్తుంది. నీలగిరి కట్టె ఈ పక్క కోలారు నుంచి లోడ్లకి లోడ్లు వస్తుంది, ఎండితే పర్లేదు. మీరు ఇల్లు కడుతున్నారు కాబట్టి స్లాబు కింద ఆనించే సెంట్రింగ్ కర్రలు మేస్త్రీ పారేసేవి అడిగి పక్కన పెట్టుకోండి, మాకు మొదటి సంవత్సరమంతా అవే వచ్చాయి. ప్లైవుడ్ ముక్కలు, రంగు వేసిన తలుపు చెక్కలు మాత్రం పెట్టొద్దు, ఆ జిగురు పొగ పీలిస్తే గొంతు మండిపోతుంది. ఇక కార్పొరేషన్ వాళ్ళు వానాకాలం ముందు కొమ్మలు నరికి ఫుట్‌పాత్ మీద పారేసి పోతారు, నెల రోజులైనా తీయరు, మనిషి నడవడానికి దారుండదు, అవి చూసి ఫ్రీ కట్టెలని ఆశపడకండి, గుల్‌మొహర్, రెయిన్ ట్రీ, అన్నీ తేలిక కట్టెలు, తుస్సుమని అయిపోతాయి.

పొగ గురించి పక్కింటివాళ్ళతో గొడవ రావడం ఖాయం. మాకూ వచ్చింది, పక్కింటి కన్నడావిడ ఆరేసిన చీర మీద మసి పడిందని తీసుకొచ్చి చూపించింది, ఆవిడ మాటలో తప్పు లేదు. నాలుగంగుళాల జీఐ (జింకు పూత ఇనుము) గొట్టం మేడ పిట్టగోడ దాటేదాకా పైకి లేపించి పైన టోపీ పెట్టించాం, అప్పటి నుంచి మాట లేదు. గొట్టం ఎత్తు పెరిగితే గాలి లాగడం కూడా పెరుగుతుంది, మంట శుభ్రంగా ఉంటుంది. మీ ఇంట్లోగానీ పక్కింట్లోగానీ ఆస్తమా ఉన్నవాళ్ళుంటే అసలు ఈ ఆలోచనే వద్దు. ఇంకొకటి, బాయిలర్‌ని బాత్రూంలోపల పెట్టనే పెట్టకూడదు, వెనక ఖాళీగా వదిలే జాగాలో (సెట్‌బ్యాక్‌లో) బయట, పైన రేకు వేసి పెట్టండి. మూసిన గదిలో నిప్పుంటే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి రంగుండదు వాసనుండదు, బాత్రూంలో గ్యాస్ గీజర్ పెట్టుకుని ప్రాణాలు పోయినవాళ్ళ వార్తలు ఈ ఊళ్ళో ఏటా చదువుతూనే ఉన్నాం.

వంటకి కూడా కట్టెల పొయ్యి కావాలంటే, ఇనుప రేకుది ఆన్‌లైన్‌లో కొనేకన్నా మేస్త్రీతో కట్టించుకోండి. ఇక్కడే టాటా ఇన్‌స్టిట్యూట్‌లో, అంటే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో, 1974లో ఏ.కె.ఎన్. రెడ్డి గారు పల్లెలకి పనికొచ్చే టెక్నాలజీ కోసం మొదలుపెట్టిన ఆస్ట్రా అనే విభాగం వాళ్ళు 1980ల్లో మూడు కళ్ళ పొయ్యి ఒకటి చేశారు, కింద చట్రం, వెనక చిమ్నీ, ఒక్క మంటకి మూడు గిన్నెలు. వాళ్ళకన్నా ముందు 1950ల్లోనే హైదరాబాద్ ఇంజినీరింగ్ రీసెర్చ్ లాబొరేటరీలో ఎస్.పి. రాజు గారు పొగలేని పొయ్యి చేశారు, మన తెలుగు వాళ్ళకే తెలీదు, అందరూ యూట్యూబ్‌లో రాకెట్ స్టవ్ రాకెట్ స్టవ్ అని అమెరికా వాళ్ళని చూసి మురిసిపోతారు. నేను మాత్రం వంటకి గ్యాసే వాడతాను, సంక్రాంతికి అరిసెలప్పుడు తప్ప.

కొనేటప్పుడు చూసుకోవాల్సినవి. చిక్‌పేట చుట్టుపక్కల పాత్రల అంగళ్ళలో కొత్తవి దొరుకుతాయి, రాగి బరువు మీద రేటు, తూకం మీ ముందే వేయించుకోండి. పాతది దొరికితే ఇంకా మంచిది, పాత రాగి మందంగా ఉంటుంది, కాకపోతే నిండా నీళ్ళు పోసి ఒక రాత్రి ఉంచి, పొద్దున అడుగున తడి ఉందేమో చూసి డబ్బులివ్వండి. నీళ్ళు లేకుండా మాత్రం నిప్పు పెట్టొద్దు, తగరం 232 డిగ్రీలకే కరిగిపోతుంది, లోపల పూసిన తగరపు కళాయి పోయి అతుకుల దగ్గర కారడం మొదలవుతుంది. ప్లంబర్‌ని దగ్గరికి రానీయకండి. మా ప్లంబర్ తెలివిమీరి, ట్యాంక్ లైన్ నేరుగా దీనికే ఇచ్చేసి ముక్కుకి వాల్వ్ బిగించి పైన బాత్రూంకి కూడా లాగేద్దాం సార్ అన్నాడు. నీళ్ళు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా ఉబ్బుతాయి, బయటికి దారి లేకపోతే అది బాంబు, ఆ సంగతి వాడికి చెప్తే "ఏం కాదు సార్, అందరికీ ఇట్లే చేస్తాం" అంటాడు. ఎవరికి చేశాడో, ఆ ఇళ్ళు ఎక్కడున్నాయో అడిగితే చెప్పలేదు. ముక్కు ఎప్పుడూ తెరిచే ఉండాలి, గరాటు కూడా.

మీ సైట్ 30x40 అడుగులు అన్నారు, వెనక ఎంత వదిలారో రాయలేదు. మూడడుగులైనా ఉంటే సరిపోతుంది, అంతకన్నా తక్కువైతే మేడ మీద పెట్టుకోండి, కట్టెలు మోయడం మాత్రం మీ పని.