వరల్డ్ సిరీస్ ముగిశాక: కొత్తగా వచ్చిన బేస్‌బాల్ అభిమానులకు ఒక చలికాలపు సలహా

వేసవిలో అమెరికా చేరి, ఆఫీసు మిత్రులతో కలిసి ఒకటి రెండు ఆటలు చూసి, క్రికెట్‌కు అలవాటు పడిన కళ్లతోనే బేస్‌బాల్‌ను ఇష్టపడిన మనవాళ్లు, వరల్డ్ సిరీస్ అనే ఫైనల్స్ ముగిసి నవంబరు రాగానే అడిగే సందేహం దాదాపు ఒక్కటే: మార్చి చివరిదాకా ఏం చేయాలండీ? ఈ ప్రశ్న వెనుక నిజమైన బెంగ ఉందని నాకు తెలుసు. ఒక్కొక్క జట్టు సీజనులో 162 ఆటలు ఆడుతుంది కాబట్టి ఆరు నెలలపాటు దాదాపు ప్రతి సాయంత్రమూ అభిమానికి ఒక తోడు ఉంటుంది. ఆ తోడు ఆగిపోయిన రోజుల్లోనే గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి. మా మిన్నియాపోలిస్‌లోనైతే డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది. అయినా నేను చెప్పేది ఒకటే. ఈ అయిదు నెలల విరామం ఇక్కడ పుట్టి పెరిగినవారి కంటే కొత్తగా వచ్చినవారికే ఎక్కువ అవసరం. వాళ్లు ఈ ఆట కథను తాతల దగ్గర, తండ్రుల దగ్గర విని పెరిగారు. మనం కథ మధ్యలో వచ్చి కూర్చున్నాం. సీజను నడుస్తున్నప్పుడు ఈ రోజు ఆట తప్ప మరొకటి పట్టించుకునే తీరిక ఉండదు. వెనకటి కథ తెలుసుకోవడానికి చలికాలమే సరైన సమయం.

అన్నిటికంటే ముందు నేను సూచించేది స్కోర్‌కార్డు రాయడం, అంటే ఆటలో జరిగినదంతా అంకెలతో, గుర్తులతో కాగితం మీద నమోదు చేయడం నేర్చుకోవడం. సీజనులో నేర్చుకోబోతే ఆట వేగానికి కలం అందదు. పాత ఆటను తెరమీద పెట్టుకుంటే ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు. ముందుగా గుర్తుంచుకోవలసింది స్థానాల అంకెలు: పిచర్ 1, క్యాచర్ 2, మొదటి బేస్ 3, రెండో బేస్ 4, మూడో బేస్ 5, షార్ట్‌స్టాప్ 6, ఎడమ ఫీల్డర్ 7, మధ్య ఫీల్డర్ 8, కుడి ఫీల్డర్ 9. ఈ అంకెలకూ ఆటగాళ్ల చొక్కాల మీది అంకెలకూ ఏ సంబంధమూ లేదు. షార్ట్‌స్టాప్ బంతిని ఆపి రెండో బేస్‌కు, అక్కడినుంచి మొదటి బేస్‌కు పంపి ఇద్దరిని అవుట్ చేస్తే 6-4-3 అని రాస్తారు. బ్యాటర్ బ్యాటు ఊపి స్ట్రయిక్ అవుట్ అయితే కె అనే ఇంగ్లీషు అక్షరం వేస్తారు, ఊపకుండా నిలబడి అవుట్ అయితే అదే అక్షరాన్ని తిప్పి వేస్తారు. ఇంతమాత్రం తెలిస్తే మొదలుపెట్టడానికి చాలు.

సాధనకు మేజర్ లీగ్ (అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ లీగ్) వారు యూట్యూబులో పూర్తిగా ఉంచిన పాత ఆటల్లో ఏదైనా పనికొస్తుంది. నేను మాత్రం 1991 అక్టోబరు 27న మా ఊళ్లో, అప్పటి మెట్రోడోమ్‌లో జరిగిన వరల్డ్ సిరీస్ ఏడో ఆటతో మొదలుపెట్టమంటాను. మిన్నెసోటా ట్విన్స్‌కూ అట్లాంటా బ్రేవ్స్‌కూ మధ్య తొమ్మిది ఇన్నింగ్స్ ముగిసేసరికి స్కోరు సున్నాకు సున్నా. ఎనిమిదో ఇన్నింగ్స్ మొదటి సగం దగ్గర కాసేపు ఆగండి. అట్లాంటా తరఫున లానీ స్మిత్ మొదటి బేస్ మీద ఉన్నాడు, టెరీ పెండిల్టన్ బంతిని ఎడమ-మధ్య ఫీల్డర్ల సందులోకి దూరంగా కొట్టాడు. మామూలుగా అయితే స్మిత్ హోమ్ ప్లేట్‌కు చేరి పరుగు తీసుకోవాలి. కానీ రెండో బేస్ దగ్గర ఉన్న చక్ నాబ్లాక్, చేతిలో బంతి లేకపోయినా, నేల బంతిని ఆపి విసురుతున్నట్టు నటించాడు. స్మిత్ తడబడి ఆగి, బంతి ఎక్కడుందో చూసుకుని, చివరికి మూడో బేస్ దాకానే వెళ్లగలిగాడు. ఇద్దరు బేసుల మీద ఉన్నారు, ఒక్క అవుటూ కాలేదు. ఆ తరువాత ఒక అవుట్, కావాలని ఇచ్చిన ఒక వాక్ (బ్యాటర్‌ను కొట్టనివ్వకుండా ఊరికే మొదటి బేస్‌కు పంపడం). బేసులన్నీ నిండాయి. అప్పుడు సిడ్ బ్రీమ్ కొట్టిన బంతి మొదటి బేస్ దగ్గరున్న కెంట్ హర్బెక్ చేతికి వచ్చింది. అతను హోమ్ ప్లేట్ దగ్గరి క్యాచర్‌కు విసిరాడు, క్యాచర్ తిరిగి అతనికే విసిరాడు, స్మిత్, బ్రీమ్ ఇద్దరూ అవుట్. మీ కాగితం మీద పడే గుర్తు 3-2-3. లక్షలమంది ఊపిరి బిగబట్టి చూసిన ఘట్టమంతా ఆ మూడు అంకెల్లో ఇమిడిపోయింది. స్కోర్‌కార్డులో స్మిత్ గడిలో అతను పరుగెత్తిన దారిని చూపే గీత మూడో బేస్ దగ్గరే ఆగి ఉంటుంది. పదో ఇన్నింగ్స్‌లో మిన్నెసోటా 1-0తో గెలిచింది. వారి పిచర్ జాక్ మోరిస్ పది ఇన్నింగ్స్‌నూ ఒక్కడే విసిరాడు. ఇప్పటి ఆటల్లో పిచర్‌ను అయిదారు ఇన్నింగ్స్‌కే మార్చడం చూసి ఉంటారు కాబట్టి, అది ఎంత పెద్ద మాటో కాగితం మీద మీరే గమనిస్తారు. ఇలా నాలుగైదు ఆటలు రాశాక ఏప్రిల్‌లో మైదానానికి వెళ్లి చూడండి, ఆట వేరుగా కనిపిస్తుంది.

మీ ఊరి పబ్లిక్ లైబ్రరీ కార్డు ఇంకా తీసుకోకపోతే ఈ వారమే తీసుకోండి. చిరునామా రుజువు చూపితే ఉచితంగా ఇస్తారు, వీసా ఏ రకమని సాధారణంగా అడగరు. డ్యూయీ పద్ధతిలో పుస్తకాలు సర్దే లైబ్రరీలో బేస్‌బాల్ పుస్తకాలు 796.357 దగ్గర ఉంటాయి. వెంటనే వచ్చే 796.358 క్రికెట్‌ది. ఈ రెండు ఆటలూ ఒకే అరలో పక్కపక్కన ఉండటం నాకు ఎప్పుడూ సంతోషం కలిగించే విషయం. లెక్కలంటే ఇష్టమున్నవారికి, మనలో అటువంటివారే ఎక్కువ కదా, రెట్రోషీట్ అనే స్వచ్ఛంద సంస్థ పాత ఆటల వివరాలను బంతి బంతికీ కాకపోయినా బ్యాటర్ బ్యాటర్‌కూ ఉచితంగా అందిస్తోంది. డేటాబేస్ పని వచ్చినవారికి అంతకంటే మంచి శీతాకాలపు వ్యాపకం నాకు తోచదు.

ఇక వార్తల సంగతి. వరల్డ్ సిరీస్ ముగిసిన కొద్ది రోజులకే ఆటగాళ్ల బేరాలు మొదలవుతాయి. ఐపీఎల్ వేలం చూసిన అలవాటుతో ఒకటి రెండు రోజుల్లో అంతా తేలిపోతుందని అనుకోకండి. ఇక్కడ వేలం పాట లేదు, సుత్తి దెబ్బ లేదు; మేజర్ లీగ్‌లో ఆరేళ్ల సర్వీసు పూర్తయి, ఒప్పందం ముగిసిన ఆటగాడు తనకు నచ్చిన జట్టుతో నచ్చినంతకాలం మాట్లాడుకోవచ్చు. డిసెంబరు మొదట్లో జట్ల ప్రతినిధులంతా ఒకచోట కలిసే వింటర్ మీటింగ్స్ సమయంలో కొన్ని పెద్ద ఒప్పందాలు కుదురుతాయి, మరికొన్ని ఫిబ్రవరి దాకా సాగుతాయి. జట్టు మొత్తం జీతాలకు కచ్చితమైన పరిమితి లేదు, ఒక హద్దు దాటితే పన్ను మాత్రం కట్టాలి. అందుకే 2024 డిసెంబరులో న్యూయార్క్ మెట్స్ హువాన్ సోతోకు 15 ఏళ్లకు 76.5 కోట్ల డాలర్లు ఇవ్వగలిగింది. అంతకు ముందు ఏడాది షోహెయ్ ఒహ్తానీ లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌తో పదేళ్లకు 70 కోట్ల డాలర్లకు ఒప్పుకుని, అందులో 68 కోట్లను 2034 నుంచే తీసుకుంటానన్నాడు. ఈ అంకెల వెనుక ఉన్న నియమాలను అర్థం చేసుకోవడం ఒక చదువే.

అయితే పుకార్లను నమ్మి రాత్రుళ్లు నిద్ర పాడుచేసుకోవద్దు. 2023 డిసెంబరు 8న దక్షిణ కాలిఫోర్నియా నుంచి టొరంటోకు వెళ్తున్న ఒక ప్రైవేటు విమానంలో ఒహ్తానీ ఉన్నాడని ప్రచారం జరిగి, వేలమంది ఆ విమానం ప్రయాణాన్ని తెరల మీద అనుసరించారు. దిగినది ఒక కెనడా వ్యాపారవేత్త. మర్నాడు ఒహ్తానీ స్వయంగా డాడ్జర్స్ పేరు ప్రకటించాడు. టొరంటో అభిమానుల బాధ తలచుకుంటే నాకిప్పటికీ జాలి వేస్తుంది. ఉదయం ఒకసారి, పడుకునే ముందు ఒకసారి వార్తలు చూస్తే చాలు, ఫోను మోగినప్పుడల్లా చూడనక్కర్లేదు.

జనవరి చివర్లో హాల్ ఆఫ్ ఫేమ్ (గొప్ప ఆటగాళ్లకిచ్చే శాశ్వత గౌరవ స్థానం) ఎన్నికల ఫలితాలు వస్తాయి. ఆట విరమించి అయిదేళ్లయిన వారిని బేస్‌బాల్ విలేఖరులు ఎన్నుకుంటారు. ఒక్కొక్కరు పది పేర్ల దాకా ఎంచుకోవచ్చు, 75 శాతం ఓట్లు రావాలి. 2019లో మారియానో రివేరా ఒక్కడికే ఇప్పటిదాకా అన్ని ఓట్లూ పడ్డాయి. 2025లో ఇచిరో సుజుకికి 394లో 393 వచ్చాయి. ఓటర్ల కంటే ముందు మీ పది పేర్లు మీరు రాసుకుని, ఎందుకో రెండేసి వాక్యాలు జోడించండి. ఆఫీసులో ఎవరైనా పాత అభిమాని ఉంటే ఆ కాగితం చూపించండి. నా ఎరుకలో తెలుగు కుర్రాళ్లకు తోటి ఉద్యోగులతో నిజమైన స్నేహం ఇలాంటి వాదనలతోనే కుదిరింది, వాతావరణం గురించిన మాటలతో కాదు.

చలికాలంలో ప్రత్యక్షంగా ఆట చూడాలన్న కోరిక ఉన్నవారికి దారులు ఉన్నాయి గాని, వీసా సంగతి జాగ్రత్తగా చూసుకోవాలి. డొమినికన్ రిపబ్లిక్‌లో శీతాకాలపు లీగ్ ఎంతో సందడిగా జరుగుతుంది, కానీ అది వేరే దేశం. తిరిగి వచ్చేటప్పుడు పాస్‌పోర్టులో గడువు ఉన్న వీసా స్టాంపు కావాలి. హెచ్-1బీ పొడిగింపు కాగితం చేతిలో ఉన్నా స్టాంపు గడువు తీరిపోయినవారు లాయరును అడగకుండా టికెట్టు కొనవద్దు. అదే ప్యూర్టో రికో అయితే అమెరికా భూభాగమే కనుక విమానం దేశీయ ప్రయాణం కిందికే వస్తుంది, కొత్త స్టాంపుతో పని లేదు. అయినా పాస్‌పోర్టు, ఐ-94 (దేశంలోకి వచ్చిన నమోదు), ఐ-797 (వీసా హోదా ఆమోద పత్రం) ప్రతులు వెంట ఉంచుకోండి. తిరుగు ప్రయాణంలో పళ్లూ మొక్కలూ ఉన్నాయేమోనని వ్యవసాయ శాఖ వారు సామాను తనిఖీ చేస్తారు. అక్కడి లీగ్ పేరు రాబెర్తో క్లెమెంటేది. మేజర్ లీగ్‌లో సరిగ్గా 3,000 హిట్లు కొట్టి, 1972 డిసెంబరు 31న నికరాగువా భూకంప బాధితులకు సామగ్రి తీసుకువెళ్తున్న విమానం కూలి మరణించిన మహానుభావుడు ఆయన. ఆయన పుట్టిన నేల మీద, ఆయన పేరున్న లీగ్‌లో ఒక ఆట చూడటం అభిమానికి యాత్ర వంటిదే.

అంత దూరం వెళ్లలేనివారు ఊళ్లోని స్టేడియం చూడటానికి వెళ్లండి. బోస్టన్‌లో 1912 నాటి ఫెన్‌వే పార్క్ వంటి చోట్ల చలికాలంలోనూ లోపలికి తీసుకెళ్లి చూపిస్తారు. ఖాళీ బేస్‌బాల్ స్టేడియాలతో మనకు ఒక సొంత జ్ఞాపకం కూడా ఉంది: 2015 నవంబరులో సచిన్, షేన్ వార్న్ జట్లు న్యూయార్క్‌లోని సిటీ ఫీల్డ్ అనే స్టేడియంలో, హ్యూస్టన్‌లో, లాస్ ఏంజెలెస్ డాడ్జర్ స్టేడియంలో క్రికెట్ ఆడాయి. మన హైదరాబాదు వీవీఎస్ లక్ష్మణ్ సచిన్ జట్టులో ఉన్నారు. డల్లాస్ పక్కన గ్రాండ్ ప్రెయిరీలో మనవాళ్లు ఇప్పుడు మేజర్ లీగ్ క్రికెట్ చూస్తున్న మైదానం కూడా 2008లో బేస్‌బాల్ కోసం కట్టినదే.

పిల్లలున్నవారు ఒక సంగతి మరచిపోవద్దు. లిటిల్ లీగ్ అనే పిల్లల బేస్‌బాల్‌కు వసంతకాలపు నమోదు చాలా ఊళ్లలో మంచు కురుస్తుండగానే మొదలై, ఆట మొదలయ్యే వేళకు ముగిసిపోతుంది. పుట్టిన తేదీ పత్రం, చిరునామా రుజువులు సిద్ధంగా ఉంచుకోండి. తల్లిదండ్రులు కోచ్‌గా స్వచ్ఛందంగా సాయం చేయవచ్చు, నేపథ్య తనిఖీకి ఒప్పుకోవాలి. పిల్లల ఆటలకు అంపైరుగా నిలబడితే కొన్నిచోట్ల ఆటకింత అని డబ్బు ఇస్తారు. హెచ్-1బీ మీద ఉన్నవారు, పని అనుమతి లేని హెచ్-4 వారు ఆ డబ్బు తీసుకోకూడదు. చిన్న మొత్తమే కదా అనిపించినా అది అనుమతి లేని ఉద్యోగమే అవుతుంది.

ఫిబ్రవరి మధ్యలో పిచర్లూ క్యాచర్లూ శిక్షణ శిబిరాలకు చేరతారు. పదిహేను జట్లు ఆరిజోనాలో, పదిహేను జట్లు ఫ్లోరిడాలో. ఒక్క వారాంతంలో ఎక్కువ జట్లను చూడాలంటే ఆరిజోనాయే మేలు, ఎందుకంటే మైదానాలన్నీ ఫీనిక్స్ చుట్టుపక్కలే ఉన్నాయి. ఫ్లోరిడాలో కారులో గంటల ప్రయాణం పడుతుంది. ఫోర్ట్ మయర్స్ దానికి కొంత మినహాయింపు, అక్కడ ట్విన్స్, బోస్టన్ రెడ్ సాక్స్ రెండూ ఉంటాయి. చాలా శిబిరాల్లో ఆటలు మొదలుకాక ముందు ఉదయపు సాధనను పక్క మైదానాల్లో ఉచితంగా చూడనిస్తారు. ఆటగాళ్లు కంచె దగ్గరికి వచ్చి సంతకాలు పెట్టేది కూడా అప్పుడే. మార్చిలో బడులకు సెలవులిచ్చే వారంలో విమానం ధరలు మండిపోతాయి కాబట్టి జనవరిలోనే కొనుక్కోండి.

అదే సమయంలో మేజర్ లీగ్ వారి ఆన్‌లైన్ చందా కట్టమని ప్రకటనలు వస్తాయి. కార్డు అంకెలు ఇచ్చే ముందు మీ జిప్ కోడ్ వేసి ఏ జట్ల ఆటలు ప్రత్యక్షంగా రావో చూసుకోండి. ఇతర ప్రాంతాల జట్ల కోసం అమ్మే చందాలో మీ సొంత ఊరి జట్టు ప్రత్యక్ష ప్రసారం రాదు; దానికి వేరే చందాయో కేబులో కావాలి. గత ఏడాది కట్టినవారైతే, రద్దు చేయనంతవరకు అది దానంతట అదే పునరుద్ధరణ అవుతుందని గుర్తుంచుకుని, ఖాతాలోకి వెళ్లి ఆ తేదీ ఏదో ఫిబ్రవరి రాకముందే చూసుకోండి.