##,##,##0.00 అని రాసినా జావాలో లక్షల కామా ఎందుకు పడదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: ధాన్యం కొనుగోలు బిల్లుల ప్రోగ్రాము జావాలో రాస్తున్నారు. అందులో సంఖ్యలకు అచ్చు రూపం ఇచ్చే క్లాసు (తయారుగా ఉన్న కోడు) అయిన డెసిమల్‌ఫార్మాట్‌కు ##,##,##0.00 అని ప్యాటర్న్ ఇచ్చారు. అయినా బిల్లు మీద 12,34,841.25 రావలసిన చోట 1,234,841.25 వస్తోంది. అర రూపాయి ఉన్న చోట ఒక్కోసారి .50 అని చుక్కతో మొదలవుతోంది.

కామాల సంగతి ముందు చూద్దాం. ప్యాటర్న్‌లో మీరు ఎన్ని కామాలు పెట్టినా జావా పట్టించుకునేది చిట్టచివరి కామాను మాత్రమే. ఆ కామా తరువాత దశాంశ బిందువు దాకా ఎన్ని స్థానాలున్నాయో చూసి, ఆ కొలతతోనే సంఖ్య మొత్తాన్ని విడగొడుతుంది. మీ ప్యాటర్న్‌లో చివరి కామా తరువాత మూడు స్థానాలున్నాయి, కాబట్టి అంతటా మూడేసి అంకెలే. లొకేల్‌ను (దేశం, భాష అమరికను) ఇండియాకు మార్చినా ఈ క్లాసులో ఫలితం ఇదే. ఇది మీ పొరపాటు కాదు, ఆ క్లాసుకున్న పరిమితి.

దారులు రెండున్నాయి. ఒకటి, ఐసీయూ (ICU) అనే వేరే కోడు లైబ్రరీలో ఇదే పేరుతో ఉన్న డెసిమల్‌ఫార్మాట్‌ను వాడడం. అది చివరి రెండు కామాల మధ్య దూరాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. దానికి #,##,##0.00 అని ఇస్తే మొదట మూడు, ఆపైన రెండేసి అంకెలుగా విడగొడుతుంది. ఆండ్రాయిడ్ 7.0 నుంచి ఇది ఫోనులోనే ఉంది. రెండోది, కొత్త లైబ్రరీ వద్దనుకుంటే, ముందు 0.00 ప్యాటర్న్‌తో సంఖ్యను అక్షరాలుగా మార్చి, చుక్కకు ఎడమవైపు భాగంలో మాత్రం ఈ వెతుకులాట నమూనాకు, అంటే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌కు సరిపడిన ప్రతి అంకె పక్కన కామా చేర్చడం:

([0-9])(?=([0-9][0-9])+[0-9]$)

దాని స్థానంలో పెట్టవలసింది "$1," (చివరి కామాతో సహా), అంతే. వరుస మాత్రం మార్చకండి: సవరింపు (రౌండింగ్) ముందు, కామాలు తరువాత. 99999.996 లాంటి సంఖ్య సవరింపులో లక్షకు చేరుతుంది, అప్పుడు కామాలు పెడితేనే 1,00,000.00 అని సరిగ్గా వస్తుంది.

మైక్రోసాఫ్ట్ వారి డాట్‌నెట్‌లో ఈ బాధ లేదు. అక్కడ ప్యాటర్న్‌లో కామా ఉందా లేదా అన్నదే ముఖ్యం, ఎన్నేసి అంకెలకు పడాలో కల్చర్ (అక్కడ దేశం, భాష అమరికకు పేరు) నిర్ణయిస్తుంది. కల్చర్ ఇండియాది అయితే #,##0.00 చాలు.

ఇంత పట్టుదల ఎందుకని కొందరు అడుగుతారు. తణుకు, పాలకొల్లు చుట్టుపక్కల బియ్యం మిల్లులకు లెక్కల ప్రోగ్రాములు రాయడం నా పని. ఒక మిల్లులో, బయటి నుంచి కొన్న పాత ప్రోగ్రాము మూడేసి అంకెలకు కామా వేసి బిల్లు ఇచ్చేది. అక్కడి గుమస్తా గారు ప్రతి బిల్లు మీదా పెన్నుతో ఆ కామాలు కొట్టేసి, లక్షల చోట కొత్తవి పెట్టి, అప్పుడు రైతు చేతికి ఇచ్చేవారు. ‘రైతు ముందు చూసేది మొదటి కామానే బాబూ, అది తప్పితే మొత్తం మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాలండి’ అన్నారాయన. బిల్లు చదివే మనిషి కోసమే ఫార్మాట్, ప్రోగ్రాము రాసేవాడి సౌకర్యం కోసం కాదు.

ఇప్పుడు # గుర్తుకూ సున్నాకూ ఉన్న తేడా. # అంటే ఆ స్థానంలో అంకె ఉంటే చూపించు, లేకపోతే వదిలెయ్యి అని. 0 అంటే అంకె లేకపోయినా సున్నా పెట్టి స్థానం నింపు అని. మీ ప్రోగ్రాములో ఎక్కడో #.00 ఉండి ఉంటుంది, అందుకే 0.50 కాస్తా .50 అయింది. చుక్కకు ముందు కనీసం ఒక్క సున్నా ఉండి తీరాలి.

చుక్క తరువాత కూడా నేను దాదాపు ఎప్పుడూ సున్నాలే పెడతాను. క్వింటాలంటే వంద కిలోలు కాబట్టి దశాంశం తరువాతి రెండు అంకెలూ నేరుగా కిలోలే. 521 క్వింటాళ్ల 50 కిలోలను 0.## ప్యాటర్న్‌తో అచ్చు వేస్తే 521.5 అని వస్తుంది. లెక్క ప్రకారం అది తప్పు కాదు. కాటా దగ్గర నిలబడ్డ రైతు మాత్రం దాన్ని అయిదు వందల ఇరవై ఒక్క క్వింటాళ్ల అయిదు కిలోలు అని చదువుతాడు, నలభై అయిదు కిలోలు ఏమయ్యాయని అడుగుతాడు. అలా అడగడం న్యాయం కూడా. 0.00 పెడితే 521.50 వస్తుంది, ప్రశ్నే రాదు.

సవరింపు విషయంలో జావాకు ఇంకో అలవాటుంది. 2025-26లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. 75 కిలోల బస్తాకు 1,776.75. బస్తాన్నరకు కచ్చితంగా 2,665.125. దీన్ని రెండు దశాంశాలకు ఎక్సెల్ 2,665.13 అని చూపిస్తుంది. జావా డెసిమల్‌ఫార్మాట్ 2,665.12 అంటుంది, ఎందుకంటే సరిగ్గా సగం వచ్చినప్పుడు సరి అంకె వైపు మొగ్గడం దాని సహజ పద్ధతి. మిల్లు యజమాని ఎక్సెల్‌లో సరిచూసుకుంటే పైసా తేడా కనబడుతుంది. రౌండింగ్ మోడ్‌ను హాఫ్ అప్‌గా (సగమైతే పైకి) మార్చండి. డబ్బు లెక్కలకు డబుల్ (దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే రకం) కాకుండా, కచ్చితంగా దాచే బిగ్‌డెసిమల్ వాడండి.

తేమ శాతం కూడా మీ బిల్లులో ఉంటుంది కదా. ప్యాటర్న్‌లో % పెడితే అది ఊరికే గుర్తు వేసి ఊరుకోదు, విలువను వందతో హెచ్చిస్తుంది. కొనుగోలు కేంద్రంలో తేమకు పరిమితి 17 శాతం, ఆపరేటరు కొట్టేది 17 అనే. 0.0% ప్యాటర్న్ దాన్ని 1700.0% చేస్తుంది. గుర్తు మాత్రమే కావాలంటే జావాలో ఒంటి కొటేషన్లలో పెట్టండి: 0.0'%'

బాకీలకు సెమికోలన్ చాలా ఉపయోగం. ముందు భాగం ధన సంఖ్యకు, తరువాతిది రుణ సంఖ్యకు:

#,##0.00 జమ;#,##0.00 బాకీ

మైనస్ గుర్తు మసక అచ్చులో కనబడదు, బాకీ అన్న మాట కనబడుతుంది. జావాలో రెండో భాగం నుంచి తీసుకునేది ముందూ వెనకా ఉన్న మాటలనే, అంకెల అమరిక మొదటి భాగానిదే. ఐసీయూ వాడితే ఇందులోనూ #,##,##0.00 అని రాయండి. డాట్‌నెట్‌లోనూ ఎక్సెల్‌లోనూ సున్నా కోసం మూడో భాగం కూడా ఉంటుంది, అందులో మాటలను జంట కొటేషన్లలో పెట్టి "లెక్క చెల్లు" అని రాసుకోవచ్చు.

ఎక్సెల్‌లో లక్షల కామా కావాలని మీలాంటి వారు చాలామంది అడుగుతుంటారు. అందరూ వాడేది ఇది (\ అంటే దాని పక్క గుర్తును ఉన్నదున్నట్టు అచ్చు వేయమని):

[>=10000000]##\,##\,##\,##0.00;[>=100000]##\,##\,##0.00;##,##0.00

షరతులు రెండే పెట్టగలం కాబట్టి రుణ సంఖ్యలన్నీ మూడో భాగంలో పడి మళ్లీ మూడేసి అంకెల కామాలకు వెళ్లిపోతాయి. బాకీల కాలమ్‌కు >= బదులు <= పెట్టి, మైనస్ హద్దులతో వేరే ఫార్మాట్ ఇవ్వాలి. పైగా షరతు చూసేది అసలు విలువను, సవరించిన దాన్ని కాదు. అందుకే 99999.996 ఇక్కడ 100,000.00 అని వస్తుంది.

మొత్తాన్ని లక్షల్లోనే చూపాలంటే మరో చిన్న కిటుకు ఉంది. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేసేది వరద 10 లక్షల క్యూసెక్కులకు చేరినప్పుడు, రెండోది 13, మూడోది 17. ఇక్కడ వరద రోజుల్లో అందరి నోటా వినబడేవి ఈ లక్షలే. ఎక్సెల్ ప్యాటర్న్ చివర కామా పెడితే వెయ్యితో భాగిస్తుంది, రెండు పెడితే పది లక్షలతో. లక్షతో భాగించే గుర్తు లేదు. అయినా 0\.00, అని రాస్తే వెయ్యితో భాగించి, చివరి రెండు అంకెల ముందు ఉత్తుత్తి చుక్క పెడుతుంది: 13,00,000 కాస్తా 13.00 అవుతుంది. కంటికి లక్షలే, గడిలో అసలు విలువ చెక్కుచెదరదు. జావాలో ఈ కిటుకు పనిచేయదు, మీరే లక్షతో భాగించి 0.00తో చూపండి.

డేటాబేసులో మాత్రం ఎప్పుడూ కామాలు లేని సంఖ్యనే ఉంచండి. 12,34,841.25 అనే రూపాన్ని అలాగే గడులను కామాలతో విడగొట్టే ఫైలులోకి (CSV) పంపితే అది మూడు గడులుగా చీలిపోతుంది.

మార్పులు చేశాక 0, 0.5, 999.995, 2665.125, 99999.996, 1234841.25, చివరి దానికే మైనస్ విలువ, ఇవన్నీ మిల్లులో వాడే ప్రింటరు మీదే, వాళ్ల బిల్లు కాగితం మీదే అచ్చు వేసి చూడండి. కోటి దాటిన మొత్తం కాలమ్ వెడల్పులో పడుతుందో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది. పడకపోతే అక్షరం చిన్నది చేయకండి, కాలమ్ పెంచండి.