మేనల్లుడికి: ముందుగా గేటు సంగతి చూడు

మల్లేశ్వరం, బెంగళూరు

చిరంజీవి రఘుకు మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో పంపిన నక్షా అందాయి. కంపెనీకి 25 ఏళ్లు నిండుతున్న సందర్భంలో సర్జాపుర రోడ్డు వైపు ఒక చెరువును బాగుచేయించి, దాని గట్టున మీ అమ్మ, అంటే మా అక్కయ్య పేరిట ప్రకృతి అధ్యయన కేంద్రం కట్టించాలన్న నీ సంకల్పం తెలిసి చాలా సంతోషించాను. పీణ్యలో లేత్ మిషన్ల మధ్య ముప్పై ఏళ్లు, ఒక బడి ట్రస్టుకు కోశాధికారిగా పద్దెనిమిదేళ్లు గడిపినవాణ్ని కనుక, నువ్వే అడిగావు కనుక, తోచింది దాచకుండా రాస్తున్నాను. నీ నక్షాలో భవనం ఉంది, తోట ఉంది, శిలాఫలకానికి చోటు కూడా ఉంది. చెరువును ఆనుకుని ఉన్న ప్రభుత్వ పాఠశాల పిల్లలు లోపలికి రావడానికి దారి మాత్రం లేదు.

పోయిన శనివారం నేనే వెళ్లి చూసి వచ్చాను. బడి ప్రహరీ అయిపోయిన చోట చెరువు కంచె మొదలవుతుంది. ఇంటర్వెల్‌లో ఏడెనిమిది మంది పిల్లలు ఆ జాలీకి ముఖాలు ఆనించి, మొద్దు మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్న నీటికాకులను లెక్కపెడుతున్నారు. ఒకడు పదకొండంటే ఇంకొకడు పన్నెండని వాదన. గేటు ఉన్నది అవతలి గట్టున, అపార్ట్‌మెంట్ల వైపు. అది తెల్లవారుజామున నడకకు వచ్చేవాళ్ల కోసం తెరుచుకుని, బడి గంట కొట్టే వేళకు మూతపడుతుంది. కాపలాదారును అడిగితే, తాళంచెవి ఆఫీసులో ఉంటుందని మర్యాదగానే చెప్పాడు. నీ డబ్బులో మొదటి రూపాయి ఆ కంచెలో బడి వైపు ఒక చిన్న గేటుకూ, బడి వేళల్లో దాన్ని తెరిచి ఉంచి పిల్లలను కనిపెట్టుకునే ఒక మనిషి జీతానికీ పోవాలని నా అభిప్రాయం.

అదే రోడ్డు మీద ఉన్న కైకొండ్రహళ్లి చెరువుకు ఒకసారి వెళ్లు. సుమారు 48 ఎకరాల ఆ చెరువును 2009 తరువాత చుట్టుపక్కల నివాసులూ, పర్యావరణ శాస్త్రవేత్తలూ, నగర పాలక సంస్థా కలిసి బాగుచేసుకున్నారు. అక్కడా చెరువు పక్కనే ప్రభుత్వ బడి ఉంది. పని మొదలుపెట్టక ముందే చుట్టుపక్కల వాళ్లతో కూర్చుని మాట్లాడటం వల్లనే అది నిలబడిందని నా నమ్మకం. మన చెరువు దగ్గరా గడ్డి కోసుకునేవాళ్లూ, పశువులను తోలుకొచ్చేవాళ్లూ, చేపలు పట్టేవాళ్లూ ఉన్నారు. సుందరీకరణ పేరుతో ముందుగా బయటికి పోయేది వాళ్లే. ఆ పాత ఊళ్లలో చాలా ఇళ్లలో మాట్లాడేది తెలుగే కాబట్టి నీకు దుబాసీ అవసరం కూడా లేదు. తూమును విప్పి మడులకు నీళ్లు పంచిన నీరగంటి కుటుంబం ఏదైనా మిగిలి ఉంటే, ఇంజనీరు కంటే ముందు వాళ్ల గడప తొక్కు. బెంగళూరు చెరువులు దాదాపు అన్నీ లోయలకు అడ్డంగా కట్ట వేసి మనుషులు కట్టుకున్నవే. పై చెరువు మరవ దూకితే కింది చెరువు నిండుతుంది. కాబట్టి పై నుంచి వచ్చే రాజకాలువలో మురుగు పారుతున్నంత కాలం నీ చెరువులో ఎంత పూడిక తీయించినా దండగే. శుద్ధి చేసిన నీటిని జమ్ము పెరిగే మడుగు గుండా పంపి చెరువులోకి వదిలే పద్ధతి జక్కూరులో ఉంది, అదీ చూసి రా.

ఇక నా అనుభవం ఒకటి చెప్పాలి. ఇరవై ఏళ్ల కిందట మా చిన్న పరిశ్రమల వాళ్లం కొందరం చేరి ఒక చెరువు కట్ట మీద నాలుగు వందల మొక్కలు నాటాం. అతిథులు వచ్చారు, ఫొటోలు తీశారు, మధ్యాహ్నం బిసిబేళె బాత్ తిని ఇళ్లకు వెళ్లాం. ట్యాంకరు నీళ్లకు డబ్బు కేటాయించాలన్న సంగతి కోశాధికారినైన నాకే తట్టలేదు. మార్చి నెలాఖరుకు మిగిలింది మా పేర్లు చెక్కిన నల్లరాయి ఒక్కటే. ఇప్పటికీ అటు వెళ్లవలసి వస్తే ఆటో వేరే దారిన పొమ్మంటాను.

పేరు సంగతి కూడా దీనితోనే వస్తుంది. జంషెట్జీ టాటా తలపెట్టిన విజ్ఞాన సంస్థ, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, 1909లో మన ఊళ్లో వెలిసింది. మైసూరు సంస్థానం 371 ఎకరాల భూమి ఇచ్చింది. ఆయన 1904లోనే కన్నుమూశారు, దాన్ని చూడనే లేదు. సంస్థ పేరులో ఎక్కడా టాటా లేదు, అయినా మల్లేశ్వరంలో మేమంతా ఇవాళ్టికీ దాన్ని టాటా ఇన్‌స్టిట్యూట్ అనే అంటాం. అక్కయ్య పేరు పెట్టవద్దని నేననను, ఆవిడ నాకు అక్కే కదా. అయితే హిందూపురంలో చింతచెట్టు కింద వీధి పిల్లలను కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పిన మనిషి పేరు గ్రానైటు మీద ఉండటం కంటే, ఆ చిన్న గేటును పిల్లలు ఆవిడ పేరుతో పిలుచుకోవడం నాకు ఎక్కువ ఇష్టం.

డబ్బు విషయంలో కంపెనీ సొమ్మునూ నీ సొంత సొమ్మునూ కలపవద్దు. నికరలాభం ఐదు కోట్లు దాటిన కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలన్న చట్టం 2014 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది కదా. 2021లో మారిన నియమాల ప్రకారం, ఏదైనా ట్రస్టు మూలనిధికి, అంటే అసలు కదపకుండా రాబడితో నడిపే నిధికి, ఇచ్చిన విరాళం ఆ లెక్కలోకి రాదు. పరిపాలన ఖర్చు ఐదు శాతం మించకూడదు. సాగుతున్న పనికైనా మొదలుపెట్టిన ఏడాది కాక మరో మూడేళ్లే గడువు. చెరువుకేమో కాపలాదారు ఇరవై ఏళ్లు కావాలి. అందువల్ల పూడికతీత, జమ్ము మడుగు, కంచె మరమ్మతు వంటివి కంపెనీ డబ్బుతో చేయించి, జీతాలూ నిర్వహణా నడిచే మూలనిధిని నీ సొంత ఆస్తిలోంచి ఏర్పాటు చెయ్యి. ఈ తేడా తెలియక మధ్యలో చేతులెత్తేసిన మంచివాళ్లను చూశాను.

భవనాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టు. మా ట్రస్టు ఒకప్పుడు ఒక బడికి మైక్రోస్కోపులు కొని ఇస్తే, పగిలితే ఎవరు జవాబు చెప్పాలన్న భయంతో అవి మూడేళ్లు బీరువాలోనే ఉన్నాయి. అట్టపెట్టెల్లో థర్మాకోలు కూడా తీయలేదు. తప్పు ఆ ఉపాధ్యాయులది కాదు, వాళ్లతో ఒక్క రోజైనా కూర్చోని మాదే. అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ ఏళ్ల తరబడి ప్రభుత్వ బడుల ఉపాధ్యాయులతోనే పనిచేయడంలోని అర్థం నాకు ఆ బీరువా తెరిచినప్పుడు తెలిసింది. చెట్టు ఎప్పుడు చిగురించింది, ఎప్పుడు పూసింది, ఎప్పుడు కాసింది అని వారం వారం పిల్లలే రాసుకునే సీజన్‌వాచ్ అనే కార్యక్రమం ఉంది. దానికి భవనం అక్కరలేదు, ఒక చెట్టూ ఒక నోటుపుస్తకమూ చాలు. ముందుగా ఇద్దరు టీచర్లకు ఆసక్తి కలిగించు, గది అవసరమో కాదో వాళ్లే చెబుతారు.

వచ్చే శనివారం ఎనిమిది గంటలకు అక్కడికి రా. కారును అపార్ట్‌మెంట్ల వైపు గేటు దగ్గరే వదిలి, కంచె బయట చుట్టూ నడిచి బడికి చేరుకో; ఎన్ని నిమిషాలు పట్టిందో గడియారం చూసుకో. హెడ్‌మాస్టరు గారికి చెప్పి ఉంచాను. మీ అత్తయ్య ఇడ్లీలు కట్టి ఇస్తానంది, అందుచేత తిని రావద్దు.

ఆశీస్సులతో,
మీ మామయ్య