ఉత్తరాల పెట్టె మీద పేరు: జర్మనీలో నా మొదటి నెలలు

చిత్తూరులో బీటెక్ ముగించి, వచ్చే అక్టోబరులో జర్మనీలో ఎంఎస్ చేరబోతున్న మీరు, అక్కడి మొదటి రోజులు ఎలా ఉంటాయని, పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివినవారు నెగ్గుకురాగలరా అని అడిగారు. నేను తిరుపతివాడిని, మీలాగే తెలుగు మాధ్యమంలో చదివినవాడిని. 2022లో డ్రెస్డెన్ వెళ్ళి, చదువు పూర్తిచేసుకుని తిరిగి వచ్చాను. మీరు తప్పకుండా నెగ్గుకురాగలరు. అక్కడ నన్ను బాధపెట్టింది ఇంగ్లీషు కాదు, మనంతట మనం అడిగేదాకా ఎవరూ ఏమీ చెప్పకపోవడం.

నేను అక్టోబరు 1, శనివారం రాత్రి దిగాను. మరునాడు ఆదివారం, ఆ దేశంలో దుకాణాలు దాదాపు అన్నీ మూసి ఉంటాయి. సోమవారం అక్టోబరు 3, జర్మనీ ఏకీకరణ దినం, దేశమంతటా సెలవు. ఆ రెండు రోజులూ అమ్మ కట్టి ఇచ్చిన అటుకులు, చెనక్కాయల పొడితో గడిపాను. పెద్ద రైల్వే స్టేషన్లలో కొన్ని దుకాణాలు సెలవు రోజున కూడా తెరిచి ఉంటాయని నేను దిగిన భవనంలో ఎవరి తలుపు తట్టినా చెప్పి ఉండేవారు, కానీ నేను తట్టలేదు. తిరుపతిలో మా వీధిలో ఎవరైనా కొత్తగా సామాను దించుకుంటే, నీళ్ళు ఏ వేళకు వస్తాయో, పాలు ఎక్కడ దొరుకుతాయో పక్కింటివాళ్ళే వచ్చి చెప్తారు. అక్కడ ఎవరూ రాకపోయేసరికి నన్ను పట్టించుకోలేదని మనసు కష్టపెట్టుకున్నాను. పిలవకుండా ఒకరి ఇంటి విషయంలోకి వెళ్ళకపోవడమే వారి మర్యాద అని తెలియడానికి కొన్ని నెలలు పట్టింది.

మీరు అన్నిటికంటే ముందుగా గుర్తుపెట్టుకోవలసింది ఉత్తరాల పెట్టె. అక్కడ అపార్ట్‌మెంట్లలో ఉత్తరం ఇంటి నంబరును బట్టి కాక, పెట్టె మీద ఉన్న పేరును బట్టి అందుతుంది. బ్యాంకు కార్డు, దాని రహస్య సంఖ్య, ఆరోగ్య బీమా కార్డు అన్నీ పోస్టులోనే వస్తాయి. నా పేరు పెట్టె మీద లేనందువల్ల బ్యాంకు పంపిన కార్డు వెనక్కి వెళ్ళిపోయింది. వీసా కోసం బ్లాక్డ్ ఖాతాలో (ఖర్చులకు ముందే డబ్బు వేసి, నెలకు కొంత చొప్పున మాత్రమే తీసుకోగల ఖాతాలో) వేసిన డబ్బు నెలనెలా అక్కడి బ్యాంకు ఖాతాలోకే వస్తుంది కనుక, నా డబ్బు నాకే అందక, నెల్లూరు నుంచి వచ్చిన సహవిద్యార్థి దగ్గర 150 యూరోలు అప్పు తీసుకోవలసి వచ్చింది. నేను వెళ్ళినప్పుడు ఆ బ్లాక్డ్ ఖాతాలో సంవత్సరానికి 10,332 యూరోలు చూపించేవాళ్ళం; 2024 సెప్టెంబరు నుంచి అది 11,904 యూరోలు, అంటే నెలకు 992. కనీసం ఒకటిన్నర నెల ఖర్చుకు సరిపడే డబ్బు ఫారెక్స్ కార్డులో (ఇక్కడే విదేశీ డబ్బు నింపుకుని వెళ్ళే కార్డులో) విడిగా పెట్టుకోండి. ఇంట్లో దిగిన రెండు వారాల్లో నగర కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. దానికి ఇంటి యజమాని సంతకం చేసిన పత్రం కావాలి. అపాయింట్‌మెంట్లు త్వరగా నిండిపోతాయి కనుక వీలైతే చిత్తూరులో ఉండగానే ఆన్‌లైన్‌లో తీసుకోండి.

ఇక చదువు సంగతి. మొదటి పాఠం ముగియగానే అందరూ వేళ్ళ కణుపులతో బల్లలు తట్టేసరికి ఏదో నిరసన అనుకుని కంగారుపడ్డాను. అది వారి చప్పట్లు. నా తరగతుల్లో హాజరు పిలిచేవారు లేరు, ఇంటర్నల్ మార్కులు లేవు, చాలా సబ్జెక్టులకు చివర ఒకే పరీక్ష ఉండేది, దానికి కూడా గడువులోగా మనమే పేరు నమోదు చేసుకోవాలి. 1.0 అత్యుత్తమ శ్రేణి, 4.0 వరకు ఉత్తీర్ణత, 5.0 అంటే తప్పినట్టు. లెక్కలు చేయించే తరగతిలో ట్యూటర్ ప్రతిసారీ సందేహాలున్నాయా అని అడిగేవారు, ఆరు వారాలపాటు నేను తల దించుకుని కూర్చున్నాను. ఏడో వారం అడిగితే, తరగతి అయిన తరువాత కూడా అరగంట కూర్చుని చెప్పారు. ప్రశ్న అడిగితే తెలియనివాడినని చులకన చేస్తారేమోనన్న భయం మనం బడి నుంచి వెంట తీసుకుపోతాం. ఆ భయం వల్ల నేను పోగొట్టుకున్న ఆరు వారాలు మీరు పోగొట్టుకోకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

పాఠాలు ఇంగ్లీషులో ఉన్నా, కార్యాలయాల నుంచి వచ్చే ఉత్తరాలు జర్మన్‌లో ఉంటాయి కనుక వెళ్ళేలోగా ఏ1 అనే తొలి స్థాయి వరకైనా జర్మన్ నేర్చుకోండి. తెలుగు వచ్చినవారికి అందులో కొంత సులువు ఉంది. 'జీ', 'దూ' అనే మాటలు మన 'మీరు', 'నువ్వు' వంటివే, 'ఎందుకంటే' అని చెప్పే ఉపవాక్యంలో క్రియ మన వాక్యంలో లాగానే చివరికి వస్తుంది.

డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగు గంటలకే పొద్దు గూకుతుంది, నాకు అవి అన్నిటికంటే బరువైన రోజులు. ఆ నెలలోనే అమ్మ పంపిన పార్సెల్ వచ్చినప్పుడు నేను ఇంట్లో లేను. కింది అంతస్తులోని పెద్దావిడ దగ్గర ఉంచామని చీటీ పెట్టి వెళ్ళారు. రెండున్నర నెలల్లో నేను నొక్కిన మొదటి పొరుగింటి గంట అదే. ఆవిడ తలుపు తీసి, పెట్టె మీద నేను అతికించిన పేరును రోజూ చదువుతున్నాననీ, దాన్ని ఎలా పలకాలో తెలియడం లేదనీ చెప్పి, మూడుసార్లు నా చేత పలికించుకుని, ఆ తరువాత పార్సెల్ నా చేతికిచ్చారు.