రేషన్ షాపులో వేలు పడని అమ్మను ఎయిర్‌పోర్టులో ఆపేస్తారా?

అన్నా, మీ ప్రశ్న చదువుతుంటే మా అమ్మే కళ్ళ ముందు కనిపించింది. దేవరకొండ దగ్గర ఉండే మీ అమ్మగారికి రేషన్ మిషన్ మీద వేలు పడదు. వచ్చే నెల డల్లాస్‌లో ఉన్న మీ అక్క దగ్గరికి ఒక్కరే వెళ్తున్నారు. శంషాబాద్‌లో ఇప్పుడు అన్నీ ముఖం చూసే మిషన్లేనట, అక్కడా పడకపోతే వెనక్కి పంపేస్తారా అని కదా మీ భయం. పంపరు. మా అమ్మనూ పంపలేదు.

మాది జడ్చర్ల పక్క ఊరు. అమ్మ నలభై ఏళ్ళు నాట్లు వేసింది, పత్తి ఏరింది. బొటనవేలు మీద గీతలు అరిగి నున్నగా అయిపోయాయి. డీలర్ దగ్గర ఒక్కో వేలు కొంగుకు తుడిచి పెట్టేది, మిషన్ కాదనేది, వెనక నిలబడ్డవాళ్ళు తలా ఒక సలహా ఇచ్చేవాళ్ళు. చివరికి కంటిపాప చూపిస్తే బియ్యం పోశారు. అప్పటి నుంచి మిషన్ అంటే చాలు, "నాకు పడదు బిడ్డా" అని ముందే చేతులు వెనక్కి పెట్టుకునేది.

నిజానికి వేళ్ళ పని పెద్దగా ఉండేది వీసా దగ్గరే. మీ అమ్మగారికి వీసా వచ్చిందంటే ఆ గండం సగం దాటినట్టే. మేము వెళ్ళినప్పుడు హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లో ఉన్న సెంటర్లో పది వేళ్ళూ తీసుకున్నారు. కుడిచేతివి నాలుగు, ఎడమచేతివి నాలుగు, తర్వాత రెండు బొటనవేళ్ళు. రెండుసార్లు పడలేదు. అక్కడి అమ్మాయి తడి టిష్యూ ఇచ్చి తుడుచుకోమంది. తర్వాత తన చెయ్యి మా అమ్మ చేతి మీద పెట్టి అద్దానికి మెల్లగా ఒత్తింది. పడింది. వయసుతో చర్మం ఎండిపోయినా ముద్ర సరిగా రాదు, అందుకే కాస్త తడి ఉంటే మేలు. డల్లాస్‌లో దిగాక ఫొటో తీసి వీసా ఫొటోతో పోల్చుకుంటారు. మొదటిసారి వెళ్ళేవాళ్ళను వేళ్ళు కూడా పెట్టమనొచ్చు. అక్కడ మిషన్ పక్కన ఆఫీసర్ ఉంటాడు, మళ్ళీ పెట్టమంటాడు, అంతే.

ఇక శంషాబాద్ సంగతి. మీరు విన్న ముఖం మిషన్ డిజియాత్ర. 2022 డిసెంబర్ 1న ఢిల్లీ, బెంగళూరు, వారణాసిలో మొదలైంది, మరుసటి ఏడాది మన దగ్గరికి వచ్చింది. ఫోన్లో ఆధార్, సెల్ఫీ, బోర్డింగ్ పాస్ ఎక్కిస్తే గేటు దగ్గర కెమెరా ముఖం చూసి తలుపు తీస్తుంది. కానీ అది దేశంలో తిరిగే విమానాలకే. అమెరికా వెళ్ళే మీ అమ్మగారికి దానితో పనే లేదు. గేటు దగ్గర పాస్‌పోర్టు, టికెట్ చూపించి లోపలికి వెళ్ళడమే. ఇమిగ్రేషన్‌లో 2025 జనవరి నుంచి ఆటోమేటిక్ గేట్లు కూడా ఉన్నాయి, కానీ ముందుగా రిజిస్టర్ చేసుకుని వేలిముద్రలు ఇచ్చినవాళ్ళకే. పెద్దవాళ్ళకు మామూలు కౌంటరే హాయి.

డిజియాత్రతో మాకు ఒక చేదు అనుభవం ఉంది. అమ్మను ఒకసారి ఢిల్లీ తీసుకెళ్ళాను. ఏ ఎయిర్‌పోర్టో చెప్పను కానీ, గేటు ముందు ట్యాబ్ పట్టుకున్న ఒక కుర్రాడు "లైన్ ఉండదు ఆంటీ" అంటూ ఆమె ముఖానికి అది చూపించి ఫొటో తీసేశాడు. ఎందుకో చెప్పలేదు, ఒప్పుకుంటుందా అని అడగలేదు. నేను గట్టిగా అడిగితే "అందరూ చేయించుకుంటున్నారు సార్" అన్నాడు. అది తప్పనిసరి కాదు. వద్దంటే పక్క లైనులో ఆధార్ కార్డు చూపించి పోవచ్చు. డేటా ఫోన్లోనే ఉంటుందని, ఎయిర్‌పోర్టుకు పంపింది విమానం వెళ్ళిన 24 గంటల్లో తుడిచేస్తారని చెప్తారు. ఉండొచ్చు. కానీ అడగకుండా తీసిన ఫొటో విషయంలో నా కోపం ఇంకా పోలేదు.

ముఖం గుర్తుపట్టినా లోపల తనిఖీ తప్పదు. మా అమ్మ అసలు ఇరుక్కుంది అక్కడే. మెటల్ డిటెక్టర్ కిందికి వెళ్ళగానే కుయ్‌మంది. సీఐఎస్ఎఫ్ మహిళా జవాను తెర వెనక్కి తీసుకెళ్ళి చూస్తే, పుస్తెలతాడూ గాజులూ కాదు, రొంటిన దోపుకున్న వక్కల సంచిలో ఇత్తడి సున్నం డబ్బా! ఆ అమ్మాయి మూత తీసి వాసన చూసి నవ్వింది, తిరిగి ఇచ్చేసింది. మీ అమ్మగారికి అలాంటి అలవాటు ఉంటే డబ్బా ముందే పెద్ద పెట్టెలో వేయండి. తొక్కు సీసా, నెయ్యి కూడా పెద్ద పెట్టెలోనే. 2006లో లండన్‌లో ద్రవ పేలుడు పదార్థాల కుట్ర బయటపడ్డాక వచ్చిన 100 మిల్లీలీటర్ల నియమం ఇప్పటికీ చాలాచోట్ల నడుస్తోంది, చేతిసంచిలో తొక్కు దానికే చిక్కుతుంది. పవర్ బ్యాంకు మాత్రం చేతిసంచిలోనే ఉండాలి.

తిరిగి వచ్చేటప్పుడు అమెరికాలో చేతులు పైకెత్తి నిలబడే స్కానర్ ఉంటుంది. లోహాన్నే కాదు, కుచ్చిళ్ళ మడత మందంగా ఉన్నా అక్కడ ఏదో ఉందని చూపిస్తుంది. ఆడ ఆఫీసరే వచ్చి తడిమి చూస్తుంది, కంగారు పడొద్దని ముందే చెప్పండి. చెప్పులు విప్పమనే నియమం 2025 జులైలో తీసేశారు.

మిషన్ల టెన్షన్ కంటే పేరు చూసుకోండి. మా అమ్మకు ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, ఢిల్లీ టికెట్‌లో నేను పూర్తిగా కొట్టించా. గేటు దగ్గర ఐదు నిమిషాలు నిలబెట్టారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు లేకుండా ఒక్క పేరే ఉంటే అమెరికా వీసా మీద ఆ ఒక్క పేరును ఇంటిపేరు చోట వేసి, పేరు ఉండాల్సిన చోట ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని రాస్తారు, అది చూసి చాలామంది తప్పు పడిందనుకుంటారు. తప్పు కాదు, కానీ టికెట్ దానికి సరిపోవాలి. ఒక్కరే వెళ్తున్నారు కాబట్టి టికెట్‌లో వీల్‌చైర్ కూడా అడగండి, మధ్యలో విమానం మారే చోట మనిషి తోడు వస్తాడు. ఈ రాత్రే పాస్‌పోర్టు, వీసా, టికెట్ మూడూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. తేడా కనిపిస్తే రేపు పొద్దున్నే ఎయిర్‌లైన్స్‌కు ఫోన్ చేయండి, నెల రోజులు ఉంది కాబట్టి సరిచేస్తారు.