బైపోలార్ ఉన్నవాళ్లకి పీడకలల థెరపీ పనిచేస్తుందా? నా అనుభవం

యాక్సిడెంట్ అయినప్పటి నుంచి మీ తమ్ముడికి అవే పీడకలలు వస్తున్నాయన్నారు. బైపోలార్ (మూడ్ విపరీతంగా పైకీ కిందికీ ఊగే జబ్బు) కూడా ఉంది కాబట్టి, పాతవన్నీ కెలికితే మళ్లీ మానియా, అంటే ఆ మితిమీరిన హుషారు, వస్తుందేమోనని మీ భయం. నాకైతే కలలు బాగా తగ్గాయండీ. కానీ ముందు నేను చేసిన తప్పు చెప్తాను, ఆయన కూడా అదే చేస్తుండొచ్చు.

నాది బైపోలార్ టైప్ వన్, అంటే మానియా తీవ్రంగా వచ్చే రకం. మూడ్‌ని నిలకడగా ఉంచే లిథియం మందు మీద నాలుగేళ్లు కుదురుగానే ఉన్నా. సూర్యాపేట దాటాక వానలో మా బండిని లారీ గుద్దింది. కాలు అతుక్కుంది గానీ కల వదల్లేదు. రెండు హెడ్‌లైట్లు, హారన్, అరుద్దామంటే గొంతు పెగలదు. అది వస్తుందని పడుకోవడమే మానేసి తెల్లవార్లూ ఫోన్ చూసేవాణ్ణి. నాలుగో రోజుకి అలసట పోయి ఒకటే హుషారు. ఇంట్లో ఇన్వర్టర్ ఉండగానే ఇంకో రెండు కొన్నా. మా ఆవిడకి అప్పుడు అర్థమైంది. పదహారు రోజులు ఆస్పత్రిలో ఉన్నా. నిద్ర తగ్గితే మానియా ఎక్కుతుందని డాక్టరు ఎన్నోసార్లు చెప్పారు, నేనే వినలేదు.

మూడ్ కుదుటపడ్డాకే సైకాలజిస్ట్ మేడమ్ మొదలుపెట్టారు. దాన్ని ఇమేజరీ రిహార్సల్ థెరపీ అంటారు. పీడకలని పగటిపూట, మెలకువలో, మనకి నచ్చినట్టు మార్చి రాసుకోవాలి. ఆ కొత్త కలని రోజూ పది, ఇరవై నిమిషాలు కళ్లు మూసుకుని ఊహించుకోవాలి. అంతే. యాక్సిడెంట్‌ని పూసగుచ్చినట్టు చెప్పమని నన్నెవరూ అడగలేదు.

లారీ కలని మొదట్లో ముట్టుకోనివ్వలేదు, చిన్నదానితో మొదలుపెట్టమన్నారు. స్కానింగ్ గదిలో నన్నొక్కణ్ణే వదిలేసి వెళ్లిపోయే కల ఒకటుండేది. ఆ గుమ్మం దగ్గర మా అమ్మ చెప్పులు కనిపిస్తాయని మార్చా. వారం తర్వాత లారీ వంతు: లారీ ఆగుతుంది, డ్రైవర్ దిగి ఇక్కడ టీ ఎక్కడ దొరుకుతుందని అడుగుతాడు. రాస్తూ నాకే నవ్వొచ్చింది. ఎలా మార్చినా తప్పు లేదన్నారు మేడమ్.

ఇది గాలిమాట కాదు. అమెరికాలో బారీ క్రాకో బృందం లైంగిక దాడికి గురైన 168 మంది మహిళలతో చేసిన పరిశోధన 2001లో వచ్చింది, వాళ్లలో పీడకలలు తగ్గాయి. 2018లో అక్కడి నిద్ర వైద్యుల సంఘం కూడా ఈ పద్ధతినే సిఫార్సు చేసింది. అయితే ఆ పరిశోధన ప్రత్యేకంగా బైపోలార్ వాళ్ల కోసం చేసింది కాదు. అందుకే మందులు రాసే డాక్టరుకి, థెరపిస్ట్‌కి ఒకరి సంగతి ఒకరికి తెలియాలి. నిద్రలేమికి మంచం మీద ఉండే గంటలు కుదించే పద్ధతి ఒకటుంది, మనలాంటివాళ్లు డాక్టరుని అడక్కుండా దాని జోలికి వెళ్లకూడదు. డిప్రెషన్ మాత్రలు కూడా అంతే, కొందరికి మానియా ఎక్కిస్తాయి. కలలు తగ్గాయని లిథియం లాంటి మందులు ఆపొద్దని చెప్పండి.

ఆయన వరసగా రెండు రాత్రులు సరిగా పడుకోకపోతే మూడో రాత్రి దాకా చూడకండి, డాక్టరుకి ఫోన్ చేయండి. దగ్గర్లో ఎవరూ లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు.

నాకు ఇప్పటికీ ఎప్పుడైనా ఆ లారీ వస్తుంది. మొన్న వచ్చినప్పుడు డ్రైవర్ దిగలేదు గానీ లైట్లు డిమ్ చేశాడు.