ఆ రాయి జారిన పిల్లాడి దగ్గర మొదలుపెట్టు

అమ్మాయీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. హవాయి దీవుల్లోని హొనొలులులో మీ పాప స్కూల్లో మే డే (అక్కడ అది పూలదండల పండుగ) కార్యక్రమం చూసొచ్చి ఆ రాత్రే కూర్చుని రాశావంటే ఎంత సంతోషం వేసిందో! "చిన్నారుల నృత్యాలు ఆహూతులను అలరించాయి" అన్న వాక్యం మాత్రం కొట్టేశాను. అది ఏ ఊరి స్కూలు వార్షికోత్సవానికైనా అతుకుతుంది.

ఫోన్లో నాకు ఏం చెప్పావో గుర్తుందా? రెండో తరగతి పిల్లలు చేతికి రెండేసి నున్నటి రాళ్లు పట్టుకుని, వాటిని టకటకలాడిస్తూ అక్కడి సంప్రదాయ నృత్యం హూలా చేశారన్నావు. ఒక పిల్లాడి ఎడమచేతిలోంచి ఒక రాయి జారిపోతే, వాడు వంగి తీసుకోకుండా, మిగిలిన రాయితోనే తాళానికి వేళ్లు తెరిచి మూశాడన్నావు. వింటుంటే నా కళ్లకు కట్టింది. వ్యాసంలో వాడు లేడు! వాడితోనే మొదలుపెట్టు. ఆ రాళ్లను అక్కడ ఇలిఇలి అంటారు, వ్యాసంలో ఆ పేరే వాడు.

హూలాలో చేతులు పాట మాటల్ని చెబుతాయి. వాన, అల, కొండ, ఎవరి మీదో ప్రేమ. పాట అర్థం తెలియకుండా చేతుల గురించి రాస్తే "లయబద్ధంగా ఊపారు" దగ్గరే ఆగిపోతాం. టీచర్ని అడుగు, సంతోషంగా చెబుతారు. వాళ్ల పాటల్లో పైకి కనిపించే మాట కింద ఇంకో అర్థం దాగుంటుంది, దాన్ని కావొనా అంటారు. మన కావ్యాల్లో ధ్వని అంటారే, దానికి దగ్గరి చుట్టం. ఈ పోలిక ఉంచుకో. "అచ్చం మన బతుకమ్మలా" అన్నది మాత్రం తీసెయ్. అక్కడి పువ్వును చూడకముందే మన పువ్వు అడ్డొచ్చేసింది.

పూల పేర్లు కూడా కావాలి. కొత్తల్లో నేను ఒక జాతర మీద రాస్తూ అన్నిటినీ "రంగురంగుల పూలు" అనేశాను. ఆ ఊరివాళ్లు చదివి, "ఇది మా జాతరేనా?" అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుతుంది. లేయ్‌లు, అంటే అక్కడి దండలు, వేసుకుని ఒక్కో దీవి తరఫున నడిచిన పిల్లలున్నారు కదా, హవాయి దీవికి ఎర్రటి లేహువా, ఓఆహుకు పసుపు ఇలిమా. కవాయి దీవి మోకిహానా పువ్వు కాదు, చిన్న కాయ. నీహావుకైతే గవ్వలు.

ఇంకోటి. 1896లో చట్టం చేసి హవాయి బడుల్లో బోధన ఇంగ్లీషులోనే ఉండాలన్నారు. సొంత భాష మాట్లాడినందుకు శిక్షలు అనుభవించిన పిల్లలున్నారు. 1978లో గానీ ఆ భాషకు మళ్లీ అధికార హోదా రాలేదు. అలాంటి చోట, బడి మైదానంలోనే పిల్లలు గొంతెత్తి ఆ భాషలో పాడుతుంటే పక్కన కూర్చున్న ఒక మామ్మ కళ్లు తుడుచుకుందని నువ్వే రాశావు, "ఆనందబాష్పాలు" అని. ఆవిడతో మాట్లాడావా? వీలైతే మాట్లాడు. ఆవిడ ఒప్పుకుంటేనే రాయి.

చివరగా, బూడిదరంగు బట్టల్లో నడిచిన పాపను ఒక్క ముక్కలో దాటేశావు. ఆ పాపది కహోలావే. అమెరికా నౌకాదళం 1990 దాకా బాంబులు వేసి సాధన చేసిన దీవి అది. ఇప్పటికీ అక్కడ ఎవరికీ ఇల్లు లేదు. అయినా ఏటా ఆ దీవి కోసం ఒక పాపను ముస్తాబు చేసి, మెడలో హినహినా మొక్క దండ వేసి, మిగతా ఏడుగురితో పాటు నడిపిస్తారు. ఆ పాప ఎలా నడిచింది? తల ఎత్తిందా, దించిందా? గుర్తు తెచ్చుకుని, తిరగరాసి పంపు.

ప్రేమతో,
పిన్ని